ఎక్కువ తాగింది బయటికి

“ఇక మాటల్లేవు. రెండిట్లో ఏది ఎక్కువ కరెంటు తాగితే అది రేపు గుమ్మం దాటుతుంది,” అంటూ కొడుకు వంటింట్లోని రెండు ఫ్రిజ్‌ల ప్లగ్గులకూ చెరొక చిన్న మీటరు తగిలించాడు.

ఒకటి కోడలిది. రెండు తలుపులది, కొని రెండేళ్ళయింది. ఇంకోటి అత్తగారిది. నలభై ఆరేళ్ళది. గుండ్రటి భుజాలు, కారు తలుపుకున్నట్టు బరువైన హ్యాండిల్. రెండూ కలిసి వంటింట్లో మనిషి తిరగడానికి చోటు లేకుండా చేశాయి.

“దీనికి మీటరెందుకండీ? ఆ గురక వింటే తెలియడం లేదూ, ఎంత మింగుతోందో!” అంది కోడలు గిన్నెలు తుడుస్తూ.

“గురక పెట్టేవాళ్ళందరినీ బయటికి పంపిస్తే ముందు నీ మొగుణ్ణి పంపాలి,” అంది అత్తగారు.

“అమ్మా, రేపు ఎనిమిదింటికి మెకానిక్ వస్తాడు. ఓడినదాన్ని విడిభాగాల కింద విప్పుకుంటాడు. సరేనా?”

“సరే అనక చేసేదేముంది,” అంటూ అత్తగారు కొంగుతో హ్యాండిల్ తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఆ చేతినే చూస్తూ కోడలు తన చేతిలో గిన్నె సంగతి మరిచిపోయింది.

ఆ రోజంతా కోడలి ఫ్రిజ్ ఎందుకో ఆయాసపడుతూనే ఉంది. సాయంత్రం కొడుకు ఆఫీసు నుంచి వచ్చి, నిమ్మరసంలోకి ఐసు అడిగాడు.

“లేదు,” అన్నారు అత్తాకోడళ్ళు ఒక్కసారే. ఆ వెంటనే ఒకరు పొయ్యి వైపు, ఒకరు కిటికీ వైపు తిరిగారు.

“రెండు ఫ్రిజ్‌లున్న ఇంట్లో ఐసుకు కరువా!” అని గొణుక్కుంటూ అతను వట్టి నిమ్మరసమే తాగాడు.

మర్నాడు మెకానిక్ తాడూ, చక్రాల బండీ తెచ్చుకుని సరిగ్గా సమయానికి వచ్చాడు. కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని మీటర్లు చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“కొత్తది ఒకటీ పాయింట్ ఆరు యూనిట్లు. పాతది…” అతని గొంతు తగ్గింది. “ఒకటి కూడా లేదు. పాయింట్ తొమ్మిది!”

“మీటరు పోయుంటుంది సార్,” అన్నాడు మెకానిక్.

ఇస్త్రీపెట్టె తెచ్చి ఒకదాని తర్వాత ఒకటిగా రెండు మీటర్లకూ పెట్టి చూశారు. రెండూ ఒకే మాట చెప్పాయి.

మెకానిక్ తాడు కింద పెట్టేశాడు. జ్వరం చూసినట్టు పాత ఫ్రిజ్ పక్కన అరచేయి ఆనించాడు. సరిగ్గా అప్పుడే దాని మోటారు ఒక్కసారి ఒళ్ళు విదిల్చి ఆగింది. వంటిల్లంతా నిశ్శబ్దమైపోయింది.

“ముప్పై ఏళ్ళుగా ఫ్రిజ్‌లు విప్పుతున్నాను,” అన్నాడతను నెమ్మదిగా. “దీనికన్నా వయసులో చిన్నవెన్నో నా చేతుల్లోనే పోయాయి. ఇది యంత్రం కాదు సార్, తపస్సు. తిండి మానేసి పనిచేస్తోంది.”

“నేను దీన్ని తుక్కు అన్నానమ్మా,” అన్నాడు కొడుకు తల దించుకుని.

“ఒక్కసారి లోపల కూడా చూసి కళ్ళకద్దుకుంటాను,” అని మెకానిక్ హ్యాండిల్ మీద చెయ్యేశాడు.

“వద్దు!”

అత్తా, కోడలూ ఒక్క ఉదుటున వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

“చల్లదనం పోతుంది,” అంది అత్తగారు.

“అవును, పోతుంది,” అంది కోడలు.

మెకానిక్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “మరి మాట ప్రకారం కొత్తది పట్టుకెళ్ళాలా సార్?”

“ఏదీ వెళ్ళదు. ఇరుకైతే నేనే సర్దుకుంటాను. తాడు చుట్టుకో నాయనా,” అంది అత్తగారు.

కొడుకు అతన్ని ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. అత్తాకోడళ్ళు మాత్రం తలుపుకు వీపు ఆనించి అలాగే ఉన్నారు.

“మీరెళ్ళి కూర్చోండి అత్తయ్యా. లోపల నేను సర్దుతాను.”

“నువ్వెళ్ళి వాళ్ళకి టీ పెట్టు. నేను సర్దుకుంటాగా.”

ఇద్దరూ కదల్లేదు. తలుపు సందులోంచి ఒక చల్లటి నీటిచుక్క జారి, ఇద్దరి పాదాల మధ్య పడింది.

అత్తగారు ఆ చుక్కను చూసింది. తర్వాత తలెత్తి, ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడని మనిషిని చూస్తున్నట్టు కోడల్ని చూసింది. గొంతు తగ్గించి అడిగింది:

“నీ ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నా ఐసు గ్లాసులు దీని కింద కూరల పెట్టెలో ఉన్నాయి. నీ ఐసు ఎక్కడ దాచావే పిల్లా?”