నాలుక కింద పది నిమిషాలు

"నాలుక ఎత్తండి."

పెద్దాయన ఎత్తాడు.

"ఇంకొంచెం."

ఇంకొంచెం ఎత్తాడు. మాత్ర ఆనవాలు లేకుండా కరిగిపోయింది. అయినా నర్సుకు నమ్మకం కుదరలేదు.

నొప్పి మాత్రలకు బానిసలై, వాటినుంచి బయటపడాలని వచ్చేవాళ్ళకు మందిచ్చే కౌంటరు అది. పొద్దున్నే వచ్చి, మాత్ర నాలుక కింద పెట్టుకుని, ఎదుటి బల్లల మీద కూర్చోవాలి. మింగకూడదు, మాట్లాడకూడదు. నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళు కూడా ఇక్కడ పది నిమిషాలు నోరు మూసుకోవాల్సిందే.

నర్సు ఈ కౌంటరుకు వచ్చి మూడు వారాలైంది. ఎవరో మాత్ర కరగకముందే ఉమ్మి, బయట అమ్ముకున్నందుకు అంతకుముందున్న నర్సు ఉద్యోగం పోయింది. ఈమె ఎవర్నీ నమ్మకూడదని మొదటిరోజే గట్టిగా అనుకుంది.

అందరికంటే పెద్దాయన మీదే ఆమె అనుమానం. కుదురుకున్న వాళ్ళకు నెల మందు ఇంటికే ఇచ్చేస్తారు. ఈయన ఎనిమిదేళ్ళ నుంచి వస్తున్నాడు, ఇంకా రోజూ వస్తూనే ఉన్నాడు.

'అంటే డాక్టరమ్మకి కూడా ఈయన మీద నమ్మకం లేదన్నమాట' అనుకుంది.

పైగా ఎన్ని బల్లలు ఖాళీగా ఉన్నా, కొత్తగా చేరినవాళ్ళ పక్కనే కూర్చుంటాడు. ఇప్పుడు టైలరమ్మ వంతు.

టైలరమ్మకు ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలు అలవాటయ్యాయి. ఆమె నాలుగేళ్ళ కూతుర్ని అత్తగారు తీసుకెళ్ళిపోయింది. "నెలరోజులు ఒక్కపూట తప్పకుండా మందు వేసుకో. అప్పుడు పంపిస్తా," అంది. టైలరమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేది. మధ్యలో లేచి పోబోతే, పెద్దాయన కళ్ళతోనే కూర్చోమనేవాడు.

పద్దెనిమిదో రోజు ఇద్దరూ కుళాయి దగ్గర నోరు పుక్కిలిస్తుంటే, ఆయన ఒక చిన్న పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గబగబా సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

నర్సు పరుగున వచ్చింది.

"ఆవిడకేమిచ్చారు?"

"తాళమమ్మా."

"తాళమా?"

"చిన్నది. ఆదివారం మాత్ర ఇంటికిస్తారుగా. పెట్టెలో పెట్టి తాళం వేసుకోమన్నా. నెల నిండితే పాప వస్తుంది, చిన్నపిల్లల చేతికి అందకూడదు."

ఇంత చక్కటి జవాబు అప్పటికప్పుడు పుట్టదు, ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడు అనుకుంది నర్సు.

"ఆవిడ మాత్రలు మీరు కొంటున్నారు. అవునా?"

పెద్దాయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. నర్సుకు అదే సాక్ష్యం.

"డాక్టరమ్మ ట్రైనింగ్ నుంచి వచ్చేదాకా ఇటు రావద్దు. మందు ఆపమనటం లేదు, అలా ఉన్నట్టుండి ఆపకూడదని నాకూ తెలుసు. చీటీ రాసిస్తా, పెద్దాసుపత్రిలో తీసుకోండి."

ఆయన చీటీ తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"అమ్మా, రేపు టైలరమ్మ అడిగితే, నేను ఊరెళ్ళానని చెప్పండి."

'చూశావా, ఇంకా అబద్ధాలే!' అనుకుంది నర్సు.

మర్నాడు టైలరమ్మ మాత్ర నోట్లో పెట్టుకోకముందే అడిగింది.

"పెద్దాయన రాలేదేంటి సిస్టర్?"

"పంపించేశాం. నీ దగ్గర మాత్రలు కొంటున్నాడని అనుమానం."

టైలరమ్మ మొహం పాలిపోయింది.

"అంటే, నేను అమ్ముతున్నాననేగా?"

నర్సు మాత్ర ఆమె ముందుకు జరిపింది.

టైలరమ్మ బల్ల మీద కూర్చుంది. పక్కన ఎవరూ లేరు. పది నిమిషాలూ కూర్చుని, అడక్కుండానే నోరు తెరిచి, నాలుక ఎత్తి, అందరికీ కనబడేలా చూపించి వెళ్ళిపోయింది.

ఇరవయ్యో రోజు రాలేదు.

ఇరవై ఒకటో రోజూ రాలేదు. ఫోను స్విచ్చాఫ్. నర్సు గుండెల్లో రాయి పడింది. మందు మానేసి, మళ్ళీ పాత మాత్రలు పాత లెక్కన మింగితే ప్రాణానికే ముప్పు. కార్డు మీదున్న రెండో నంబరుకు చేసింది. అత్తగారు ఎత్తింది.

"ఇంటికి తాళం వేసుంది. ఎటు పోయిందో మాకేం తెలుసు? నెల నిలవదని నేను ముందే అన్నా. పాపని ఇక పంపించేది లేదు."

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ వచ్చింది. నర్సు చెప్పిందంతా నిలబడే వింది. ముందు టైలరమ్మను వెతకమని ఇద్దర్ని పంపింది. తర్వాత కుర్చీలో కూలబడింది.

"తప్పు నాదే. నీకు చెప్పి వెళ్ళాల్సింది."

"ఏమని డాక్టరుగారూ? ఎనిమిదేళ్ళయినా నమ్మకం కుదరని మనిషిని..."

"నమ్మకం కుదరలేదని ఎవరన్నారు?"

"మరి రోజూ వస్తాడుగా?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నెల మందు ఇంటికి తీసుకెళ్ళమని ఆయనకు చెప్పి ఆరేళ్ళయింది, మొదటి నెల ఆ బల్ల మీద ఒంటరిగా కూర్చోలేకే సగం మంది పారిపోతున్నారని, ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుని, వాళ్ళకు తోడు కూర్చోవడానికి రెండు బస్సులు మారి రోజూ వస్తున్నాడు."