దుంపవ్వ వీపు

చల్లటి కొండ మీద, ఒక పెరటి మూలలో, పాతకాలపు ఐరిస్ పూలమొక్క దుంప ఒకటి, సగం మట్టి పైకి తేలి ఉండేది. వీపుకి నేరుగా ఎండ తగిలితేనే పూసే జాతి అది. పక్కనే ఉండే వానపాముకి మాత్రం ఆ వీపు చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

"ఎండకి మాడిపోతున్నావు అవ్వా," అంటూ రోజూ మట్టి తెచ్చి కప్పేది.

"వద్దు నాయనా, నాకు ఎండే కావాలి," అనేది దుంప.

"నీకేం తెలీదు, పడుకో."

చెప్పీ చెప్పీ దుంపవ్వ అలిసిపోయి, చెప్పడం మానేసింది. ఏళ్లు గడిచినా ఆకులే తప్ప ఒక్క మొగ్గ వెయ్యలేదు.

ఒక చలికాలం పొద్దున, పురుగుల కోసం వచ్చిన కోడి ఆ మట్టినంతా కాళ్లతో చిమ్మేసింది. వానపాము హడలిపోయి లోతుకి దిగిపోయింది. చాన్నాళ్లు పైకి రాలేదు.

దుంప వీపు వెచ్చబడింది. వేసవి మొదట్లో పొడుగాటి కాడ మీద, రేకుల మీద గడ్డంలాంటి పసుపు నూగుతో, ఊదారంగు పువ్వు విచ్చుకుంది.

అప్పుడొచ్చింది వానపాము.

"చూశావా అవ్వా, ఇన్నేళ్ల నా కష్టం ఊరికే పోలేదు."

దుంపవ్వకి కోడి సంగతి చెప్పాలనే ఉంది గానీ ఓపిక లేదు. అప్పటికే వీపు మీద చిటికెడు తడిమట్టి పడింది.