బరువు తక్కువది

ల్యాప్‌టాప్‌ను షాపులోనే బ్యాగులో పెట్టుకుని భుజానికి తగిలించుకోగానే కృపారాణి పళ్లు బిగబట్టింది.

"నొస్తుందా బిడ్డా?" అంది తల్లి నాగవ్వ.

"లేదవ్వా," అంటూనే బ్యాగు కిందికి దించింది.

పోయినేడు ట్రాక్టరు మీది నుంచి పడి ఎడమ భుజం ఎముక విరిగింది. అతికింది గానీ, బరువు పడితే ఇప్పటికీ ప్రాణం పోయినంత పనవుతుంది. పోనీ కుడి భుజానికి తగిలించుకుందామంటే, ఎడమ చేత్తో బస్సులో పైరాడ్డు పట్టుకోవడం కుదరదు.

వికారాబాద్‌లో ఒక సంస్థలో ఉద్యోగం వచ్చింది. దోమ, కొడంగల్ వైపు బడులకు బస్సుల్లో తిరగాలి. పిల్లల కంటిచూపు పరీక్షించి, వివరాలు అక్కడికక్కడే ఎక్కించాలి. ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. సోమవారం చేరాలి.

ఇవాళ శనివారం. యాలాల్ నుంచి తాండూరు వచ్చి తల్లీకూతుళ్లు పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉన్నారు.

"నలభై వేల లోపల ఇదే మంచిదమ్మా. పెద్ద స్క్రీను, మస్తు స్పీడు," అన్నాడు షాపు యజమాని అమర్‌నాథ్.

"జర తేలికది లేదా అన్నా?"

"ఆ ధరల తేలికవి అయిపోయినయ్. ఆర్డరు పెడితే వారమైతది."

నాగవ్వ ముఖం వాడిపోయింది. "సోమవారం ల్యాప్‌టాప్ లేకుంటే ఇంకొకరిని పెట్టుకుంటమన్నరు గదనే?"

"ఇదే తీసుకుంటలే అవ్వా. మోసుకుంట."

వాళ్లు షాపులో చెప్పిన ఉద్యోగం సంగతంతా వింటూ పక్కన కుర్చీలో కూర్చున్న నెరిసిన జుట్టు మనిషి లేచి వచ్చాడు.

"ఏమనుకోకు తల్లీ. అది తీసుకోకు."

"ఎందుకు సార్?"

"బస్సుల కూసోని పోతవా, నిలబడి పోతవా?"

"సీటు దొరికితే కూసుంట."

"బడిల కరెంటు లేకుంటే?"

"బ్యాటరీ ఉంటది గదా."

"గింత పెద్ద స్క్రీనుకు బ్యాటరీ మాపటి దాకా ఆగదు. ఛార్జరు జూడు, ఇటుక తీరు ఉన్నది. అది గూడ మొయ్యాలె."

కృపారాణికి చిర్రెత్తింది. "నా బరువు నేను మోస్త సార్."

"ఏం మోస్తదయ్యా, పోయినేడే భుజం ఇరిగింది," అంది నాగవ్వ.

ఆయన అమర్‌నాథ్ దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పాడు.

అమర్‌నాథ్ తెల్లబోయాడు. "సార్, మల్ల మీరు..."

"తియ్యవయ్యా."

అమర్‌నాథ్ లోపలి గదిలోంచి ఒక చిన్న పెట్టె తెచ్చి ముందు పెట్టాడు.

"ఇప్పుడే లేవంటిరి, ఇదెక్కడిది?" అంది కృపారాణి.

అమర్‌నాథ్ ఆయన వైపు చూశాడు. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు.

చిన్న స్క్రీను. సన్నటి ఛార్జరు. రెండూ బ్యాగులో వేసుకుని ఎడమ భుజానికి తగిలించుకుంది. షాపులో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. భుజం నొప్పి లేవలేదు. ధర కూడా అనుకున్నదాని లోపలే.

కానీ ఆ గుసగుసలు మాత్రం మింగుడు పడలేదు.

"మంచివి దాచిపెట్టి అమ్ముతున్నరా? దీని మీద మీకెంత కమీషన్ సార్?"

గట్టిగానే అంది. షాపులో అందరూ తిరిగి చూశారు.

"ఏమే, పెద్దమనిషిని పట్టుకొని!" అని కసిరింది నాగవ్వ.

ఆయన నవ్వాడు. "ఫుల్ ఛార్జింగ్ పెట్టుకొని పో తల్లీ," అని చెప్పి, ఉత్త చేతులతో మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సోమవారం దోమ బస్సులో సీటు దొరకలేదు. కుడిచేత్తో రాడ్డు పట్టుకుని దారంతా నిలబడే పోయింది. బడిలో కరెంటు లేదు. బోర్డు మీది అక్షరాలు కనబడక వెనక బెంచీలో మౌనంగా కూర్చునే ఒక పిల్లను ఆ రోజే కనిపెట్టింది. సాయంత్రం బడి వదిలేసరికి బ్యాటరీ ఇంకా మిగిలే ఉంది.

బస్సు దిగుతూనే తల్లికి ఫోన్ చేసింది.

"నొస్తలేదవ్వా. అస్సలుకే నొస్తలేదు."

"దేవునికి స్తోత్రం," అంది నాగవ్వ. మళ్లీ అదే మాట అంది. ఆ రాత్రి ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

మరుసటి శనివారం కృపారాణి ఒక్కతే తాండూరు షాపుకు వెళ్లింది.

"అన్నా, ఆ దినం మీ సారు ఒకాయన ఉండె గదా. మాట తూలిన. తప్పయిందని చెప్పాలె."

"మా మనిషి కాదమ్మా, వెంకటేశ్వర్ సార్. ఇన్సూరెన్స్ పని మీద ఊర్లు తిరుగుతడు. నిన్ననే వచ్చి పోయిండు."

"నిన్న ఎందుకొచ్చిండు?"

"ల్యాప్‌టాప్ తీస్కపోనీకె. మల్ల ఆర్డరు పెట్టినం, వచ్చింది."

"మల్ల అంటే?"

అమర్‌నాథ్ గొంతు తగ్గించాడు.

"నీకు చెప్పొద్దన్నడు గానీ... గుండె ఆపరేషన్ అయినంక బరువు మొయ్యొద్దన్నరని ఆయన తన కోసం తెప్పించుకున్నదే, ఆ దినం నీకిప్పించిండమ్మా."