ఆఖరి ఐసుగడ్డ

కోరుట్ల కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో ఐసు అయిపోయింది.

డిగ్రీ చదివే సంగీత పరీక్ష ఇంకా సగంలోనే ఉంది.

సీసాలో ఉన్న రసాయనం అమీన్లలో ఏ రకమో తేల్చాలి. క్లోరోఫాం, క్షారం కలిపి వేడి చేస్తే కుళ్లు కంపు కొట్టింది. అంటే ప్రైమరీ రకం. అరోమాటిక్ అవునో కాదో తెలియాలంటే ఐసులో పెట్టి రంగు పరీక్ష చెయ్యాలి. అవునైతే ఎర్రరంగు వస్తుంది. వేడెక్కితే మాత్రం బుడగలొచ్చి ఇంకో రకంలా మోసం చేస్తుంది.

"బయట దొరుకుతదేమో చూద్దాం పా," అన్నాడు ల్యాబ్ చూసుకునే జితేందర్ సార్.

గేటు ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ. ఒకాయన గోనెసంచిలో చుట్టిన గడ్డను ఆటోలో పెడుతున్నాడు.

సంగీత పరుగెత్తింది. "కాకా, గా ఐసు జర ఇయ్యి!"

"ఇదే ఆఖరుది బిడ్డా. కరెంటు లేక ఫ్యాక్టరీ బందయింది. పీనుగ మీద పెట్టాలె."

"సచ్చినోళ్లకు ఎండ తెలుస్తదా? ఫెయిలైతే బతికున్న నేను సావాలె!"

అనరాని మాట అన్నానని కూడా ఆమెకు అనిపించలేదు.

"అందరికి కావాలె. గడ్డ మొత్తం దించు," అన్నాడు సార్ వెనక నుంచి.

ఐసు పట్టుకున్నాయన సంగీత వైపే చూశాడు. "ఏ ఊరు బిడ్డా?"

"రుద్రంగి. మా నాయిన భూమన్న బొంబాయి కాడ భివండిల బట్టలు నేసే సాంచాలు నడుపుతడు. నేను పాసైతే కొలువు ఖాయం. నాయినను ఇంటికి పిలుసుకుంట."

ఆయన ఏదో అనబోయి మానుకున్నాడు. సంచి మొత్తం కిందికి దించాడు.

"మంచిగ రాయి బిడ్డా."

ఎర్రరంగు ఎంత బాగా వచ్చిందంటే, ఎగ్జామినరు శభాష్ అన్నాడు.

సాయంత్రం రుద్రంగిలో బస్సు దిగేసరికి ఇంటి ముందు జనం. తల్లి జమున తడిబట్టలతో వచ్చి మీద పడింది.

"నాయిన పోయిండు బిడ్డా! పొద్దుగాల వ్యానుల తెచ్చిండ్రు. పరీక్ష అయ్యేదాక నీకు చెప్పొద్దనుకున్నం."

"ఏడున్నడు? నేను చూడాలె!"

"ఎండకు ఆగలే. నువ్వొచ్చేదాక ఉంచుదామంటే మొఖం ఉబ్బిపోయింది. కాలవెట్టి వచ్చినం."

సంగీత దీపం వెలుగుతున్న గుమ్మం వైపు నడుస్తుంటే జమున వెంటే వచ్చింది.

"నాయిన దోస్తని నమ్మి ఎల్లన్నను ఐసుకు తోలితే, దొరకలేదని వట్టి చేతులతోని వచ్చిండు. పైసలు తాగిండని మీ చిన్నాయిన చెప్పుతోని కొట్టి ఎల్లగొట్టిండు."

భివండి నుంచి దారి పొడుగునా భూమన్న తలను ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఆ ఎల్లన్న, దెబ్బలు తింటూ కూడా ఐసు ఎవరికిచ్చాడో చెప్పలేదు.