ఆరో నంబరు పెట్టె

ఆరో పెట్టెలోని రేకును కొలిచి పెద్దకోడలు కుర్చీలో కూలబడింది. ఇరవై ఏళ్ళుగా ల్యాబులో కొలతల గది ఆమెదే. ఇంత మంచి రేకు ఎప్పుడూ చూడలేదు.

రేకంటే గోరంత స్ఫటికం. దాన్ని కావాలనే కాస్త ఏటవాలుగా కోస్తారు. అప్పుడు దాని ముఖమంతా మెట్లు పడతాయి. ఒక్కో మెట్టు ఎత్తు ఒక్క అణువు. ఆ మెట్ల మీద నాలుగైదు అణువుల మందాన ఇనుము పూత. కరెంటైనా, అయస్కాంతమైనా మెట్ల వెంట సాఫీగా పోవాలి, మెట్లకు అడ్డంగా మొరాయించాలి. ఆ తేడా ఎంత ఎక్కువైతే పనితనం అంత గొప్ప.

ఈసారి ఆరుగురు మూడు నెలల కిందటే తలో రేకు చేసి ఇచ్చారు. ఎవరిది గెలిస్తే కొత్త యంత్రం వాళ్ళ చేతికి. ఆ ఆరుగురిలో పెద్దకోడలు ఉంది. అప్పటికి కొత్తగా చేరిన ఆమె తోడికోడలూ ఉంది. ఒకే ఇంటివాళ్ళు కావడంతో ల్యాబులోనూ పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలుస్తారు.

పెట్టెల మీద పేర్లుండవు. ఎవరి పేరు వాళ్ళు చీటీ మీద రాసి, కవరులో పెట్టి అంటించి ఇవ్వాలి. పెట్టెకూ కవరుకూ ఒకే నంబరు వేసేది పెద్దసారు. "కాకిపిల్ల కాకికి ముద్దు. కొలిచేవాళ్ళకి పేరు తెలియకూడదు," అంటాడాయన.

మరి ఈ ఆరు ఎవరిది?

ఆగలేక రేకును భూతద్దం కింద పెట్టింది. ఎడమ అంచున వెంట్రుకంత గీత. పట్టకారు తగిలిన గుర్తు. అందరికీ ఆ గీత కుడి అంచున పడుతుంది.

చిన్నకోడలు ఒక్కతే ఎడమచేతి వాటం.

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. ఇంట్లో అత్తగారిది రోజూ అదే పాట: "చిన్నదాని చేతిలో ఏదో ఉందే!" ఆ మధ్య వేడి గొట్టం తగిలి తన కుడిచెయ్యి కాలినప్పుడు, ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే అన్నం ఒళ్ళో పడింది. చిన్నకోడలు కిసుక్కున నవ్వింది.

"మా ఎడమచేతి వాళ్ళ బాధ ఇప్పుడు తెలిసిందా అక్కా?"

అందరూ నవ్వారు. కట్టుకున్నవాడు కూడా. కాలిన చేతికి కట్టు విప్పి రెండు నెలలైనా ఆ నవ్వు మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది.

'రోజూ నీకు దణ్ణం పెట్టేది నేను. చేతివాసి దానికా స్వామీ?' అనుకుంది. దేవుడు ఎప్పటిలాగే ఊరుకున్నాడు.

తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. రేకును నలభై అయిదు డిగ్రీలు తిప్పి బిగించింది. ఇప్పుడు మెట్లు ఐమూలగా ఉన్నాయి. అటు కొలిచినా ఇటు కొలిచినా ఒకటే అంకె.

రిజిస్టరులో రాసింది: 'ఆరు. తేడా లేదు. పనికిరాదు.'

ఆరు పోతే మిగిలినవాటిలో మూడోదే మేలు. అది తనదే అయ్యుంటుందని మనసు చెప్పింది.

మర్నాడు పెద్దసారు అందరినీ పిలిచి మూడో కవరు చించాడు.

"చిన్నకోడలా, కొత్త యంత్రం నీదేనమ్మా!"

చిన్నకోడలు నమ్మలేనట్టు నోరు తెరిచింది. పరుగున వచ్చి పెద్దకోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంకెవరు కొలిచినా నమ్మేదాన్ని కాదక్కా. మీరు కొలిచారు! అత్తయ్యకి మీ నోటితోనే చెప్పాలి, సరేనా?"

పెద్దకోడలు మెల్లగా చేతులు విడిపించుకుంది.

"పాపం, ఈ ఆరు ఎవరిదో," అంటూ పెద్దసారు ఇంకో కవరు చించి, లోపలి చీటీ ఆమె చేతిలో పెట్టాడు.

ఆ రేకు చేసిన రోజుల్లో, కట్టు కట్టిన కుడిచేత్తో కలం పట్టలేక, ఎడమచేత్తో వంకరటింకరగా రాసుకున్న తన పేరే దాని మీద ఉంది.