గడ్డకట్టిన పెట్టె

"ఈ పెట్టె అమ్మడానికి వీల్లేదు సార్."

ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకునే ఆ మాట అంది ఫార్మసిస్టు.

మందుల షాపు యజమాని కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూశాడు. ఇన్సులిన్ పెట్టె వెనక గోడకి, మంచు పేరుకునే చోటికి ఆనుకుని ఉంది. నిన్న షాపు కట్టేసేముందు కూల్‌డ్రింకు సీసాలకి చోటు చెయ్యడానికి దాన్ని లోపలికి తోసింది ఆయనే. మందుల ఫ్రిజ్‌లో తాగేవి పెట్టొద్దని ఆవిడ చేరిన నాటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది.

పెట్టెలోంచి ఒక ఇన్సులిన్ సీసా తీసి వెలుతురుకి పట్టాడు. నీళ్ళలా తేటగా ఉంది.

"బాగానే ఉందిగా?"

బాగానే కనిపిస్తుందని, దాంతో వచ్చిన చిక్కే అదని ఆవిడ చెప్పింది. తను వచ్చేసరికి అన్నీ గడ్డకట్టి ఉన్నాయి. ఇప్పుడిప్పుడే కరిగాయి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌లో పస ఉండదు. సూది వేసుకున్నవాళ్ళు మందు పడిందనుకుంటారు, ఒంట్లో షుగరు మాత్రం దాని దారిన అది పెరిగిపోతుంది. ఎవరికేమైనా బోర్డు మీదున్న పేరు తనది, లైసెన్సు పోయేది తనది.

ఆయనతో ఇలా మాట్లాడటానికి గుండె కావాలి. మాత్రల అట్ట కాస్త నలిగి వచ్చినా కంపెనీ మనిషిని నిలబెట్టి కడిగేసే రకం. పాత షాపులో ఇలాగే నోరు విప్పి ఆవిడ ఉద్యోగం పోగొట్టుకుంది. ఇదీ పోతే ఇల్లు గడవదు.

ఆయన పెట్టె తిప్పి దాని మీది రేటు చూశాడు. లోపల లెక్కలు నడుస్తున్నాయని ఆవిడకి తెలుసు.

"సరేలే అమ్మా. మన కౌంటరు మీద అమ్మొద్దు. నష్టం సంగతి నాకొదిలెయ్."

పెట్టె చంకన పెట్టుకుని వెనక గుమ్మం వైపు నడిచాడు. చెత్తకుండీ అటే. ఆవిడ ఫ్రిజ్ అంతా ఖాళీ చేసి తుడిచి సర్దేలోపు చేతులు దులుపుకుంటూ తిరిగొచ్చాడు.

ఆ రోజు ఇన్సులిన్ కోసం ఎవరొచ్చినా ఆయనే ముందు నోరు తెరిచాడు. మా దగ్గర లేదండీ, ఎదుటి షాపులో అడగండి, పొద్దున్నే వాళ్ళకి స్టాకు వచ్చింది అని సాగనంపాడు. ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. ఎదురుగా ఆ డిస్కౌంటు షాపు తెరిచినప్పటి నుంచీ ఆయన దాని పేరెత్తి ఎరగడు. వాళ్ళ కవరు చేతిలో ఉంటే పాత ఖాతాదారుని కూడా గుర్తుపట్టేవాడు కాదు. అలాంటి మనిషి వచ్చిన బేరాన్ని తన నోటితోనే అటు పంపుతున్నాడు. భోజనం వేళ ఆవిడ అమ్మకి ఫోన్ చేసి, ఇన్నాళ్ళకి ఒక పద్ధతైన చోట పడ్డానని చెప్పింది.

మధ్యాహ్నం మిషను పెద్దమ్మ వచ్చింది. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. మనవడికి సాయంత్రం సూది వెయ్యాలి, ఇంట్లో చుక్క లేదు. ఎదుటి షాపు అనగానే మొహం వేలాడేసింది.

"నాకు వాళ్ళు తెలీదే అమ్మాయ్. నువ్విస్తేనే నాకు ధీమా."

"పద పెద్దమ్మా, నేనొస్తాను."

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. అక్కడి ఫ్రిజ్‌లో థర్మామీటరు చూసింది. ఉండాల్సినంతే ఉంది. సీసా మీద తేదీ చూసింది. బోలెడు గడువుంది. ఐసు ముక్క వేసి కట్టమని దగ్గరుండి కట్టించింది. నువ్వు చూసి ఇప్పించావు, ఇంక నాకు దిగులు లేదని పెద్దమ్మ ఆవిడ బుగ్గలు నిమిరి ఇంటికి వెళ్ళింది.

దీపాలు పెట్టే వేళకి షాపు కాస్త ఖాళీ అయింది. పాడైన మందుని మామూలు చెత్తలో పడెయ్యకూడదని, ఎవరైనా ఏరుకుని వాడితే ప్రమాదమని ఆవిడకి అప్పుడు తట్టింది. ఆ పెట్టె కుండీలోంచి తెచ్చేస్తానని, రేపు ఆసుపత్రి వ్యర్థాల బండికి తనే అప్పగిస్తానని చెప్పి వెనక గుమ్మం వైపు నడిచింది.

ఆయన మాత్రలు సర్దుతూ తలెత్తకుండానే అన్నాడు.

"పారెయ్యడమెందుకమ్మా, పొద్దున్నే ఎదుటి షాపువాడికి అమ్మేశాగా."