నాలుగు బోల్టులు

తమ్ముడు పోయిన రోజు పొద్దున అన్న ఇంట్లో అందరూ హుషారుగానే ఉన్నారు. మూడు నెలలుగా కారుతున్న వంటింటి కుళాయి ఎట్టకేలకు నోరు మూసుకుంది.

"మీ తమ్ముడు సెలవు దొరికిందని నిన్నంతా కూతుర్ని షికారు తిప్పాడు. మీరు డ్యూటీ చేసొచ్చి కూడా కుళాయి బాగుచేశారు. నా అదృష్టం పండింది" అంది భార్య, అన్నం డబ్బా చేతికిస్తూ.

"బయట చెప్పకు. వీధిలో అందరూ పిలుస్తారు" అని నవ్వి వెళ్ళాడు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకేచోట పని. అణు వ్యర్థాలను దాచిన పన్నెండు ట్యాంకులు అక్కడ భూమిలో ఉన్నాయి. పైకి కనిపించేవి కంకర నేల, మూతలు, గొట్టాలు. అన్నది పొద్దుటి షిఫ్టు. గొట్టాలకు మీటరు తగిలించి, లోపల హైడ్రోజన్ ఎంతుందో చూసి రాస్తాడు. తమ్ముడిది మధ్యాహ్నం షిఫ్టు. మూతలు విప్పడం, బిగించడం అతని పని.

ఆ పొద్దున ఏడో ట్యాంకులో గ్యాసు అంతంతమాత్రమే. మధ్యాహ్నం తమ్ముడు మూత విప్పడానికి కూర్చున్నాక, అడుగు బురదలో చిక్కుకుపోయిన గ్యాసు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. బోల్టు మీద పానా జారింది. నిప్పురవ్వ లేచింది. ట్యాంకు పగల్లేదు. మూతలోంచి ఒక్క మంట పైకి లేచి ఆరిపోయింది. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. తమ్ముడికి అయింది.

అతని చేతిలో ఉన్నది ఇనప పానా.

అక్కడ పనిలో చేరిన రోజు అందరికీ చెప్పే మొదటి మాటే అది. మూత దగ్గరికి ఇత్తడి పానాతోనే వెళ్ళాలి. ఇత్తడి రాపిడికి నిప్పురవ్వ రాదు.

విచారణ రోజున స్టోరు గుమాస్తా ఒక బిళ్ళ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇత్తడి పానా తీసుకున్నవాళ్ళు తమ బిళ్ళను స్టోరులో మేకుకు తగిలించి వెళ్ళాలి. అది తమ్ముడి బిళ్ళ. పానా మాత్రం ఎక్కడా దొరకలేదు.

"మీ ఇద్దరూ ఒకే పానా వాడేవాళ్ళట?" అడిగాడు అధికారి.

"అవునండీ. స్టోరు దూరం. షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర చేతికిచ్చేసేవాణ్ణి."

"ఆ రోజూ అంతేగా?"

అన్న తల ఊపాడు.

తర్వాత గేటు కాపలాదారు వచ్చాడు. "గేటు దగ్గర ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు సార్. నాకు వినబడింది చివరి మాటే. 'పర్లేదులే అన్నా, నాలుగు బోల్టులేగా' అని నవ్వుకుంటూ లోపలికి పోయాడు."

అధికారి అన్న వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే" అని అన్న బల్ల మీది బిళ్ళ వైపు చూశాడు.

అధికారి కాగితం మీద 'నిర్లక్ష్యం' అని రాసుకున్నాడు.

గేటు పక్క గోడకు ఒక రాతిపలక ఉంది. పని చేస్తూ పోయినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కుతారు. ఆరు పేర్లున్నాయి. సొంత తప్పు వల్ల పోయినవాళ్ళ పేరు చెక్కరు. తమ్ముడి పేరు ఎక్కలేదు.

అన్న తలెత్తుకు తిరగలేకపోయాడు. క్యాంటీన్లో గోడవైపు తిరిగి తినేవాడు. "తమ్ముడు చేసిన పనికి పాపం, ఈయన సిగ్గుతో చితికిపోతున్నాడు" అనుకున్నారు తోటివాళ్ళు.

ఒకరోజు సాయంత్రం తమ్ముడి కూతురు వచ్చింది. తొమ్మిదో తరగతి. బడిసంచీ భుజానే ఉంది.

"పెదనాన్నా, ఆ ట్యాంకులో గ్యాసు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"వ్యర్థంలోని రేడియేషన్ నీళ్ళను విడగొడుతుందమ్మా. ఆ బుడగలు అడుగు బురదలో ఇరుక్కుంటాయి. చాలా రోజులు చడీచప్పుడూ ఉండదు. ఉన్నట్టుండి అన్నీ కలిసి పైకొస్తాయి."

"నాన్నకు ఇదంతా తెలుసా?"

"నాకంటే బాగా తెలుసు."

"తెలిసినవాడు ఇనప పానా ఎందుకు పట్టుకుంటాడు? ఇత్తడిది నాన్న దగ్గర లేదేమో! విచారణ చేసిన సారునే అడిగాను. పానా ఇంకెక్కడైనా దొరికితే ఫైలు మళ్ళీ తెరుస్తామన్నారు. అమ్మా నేనూ ఇల్లంతా గాలించాం, బియ్యం డబ్బాతో సహా. ట్యాంకుల దగ్గరికి మమ్మల్ని రానివ్వరు. నువ్వు వెతకవా?"

ఆయన ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాడు.

"వెతుకుతానమ్మా."

మర్నాటి నుంచి డ్యూటీ దిగాక ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కంకర తిరగేయడం మొదలుపెట్టాడు. గొట్టాల వెనక, మూతల చుట్టూ, కాలువ అంచుల వెంట ఒక్కో రాయీ తీసి చూసేవాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి.

"అన్నంటే అలా ఉండాలిరా" అన్నాడు ఫిట్టరు.

"మా అన్నయితే నా చెప్పులు పోయినా వెతకడు. పైగా తన చెప్పులు దాచుకుంటాడు" అన్నాడు వెల్డరు. అందరూ నవ్వారు. ఆయన తల ఇంకా కిందికి వంచాడు.

సాయంత్రం బడి వదలగానే ఆ పిల్ల గేటు బయట నిలబడేది.

"దొరికిందా?"

"లేదమ్మా."

"రేపు దొరుకుతుందిలే పెదనాన్నా" అంటూ తన సీసాలో మిగిలిన నీళ్ళు ఆయన చేతుల మీద పోసేది. ఆయన దుమ్ము కడుక్కునేవాడు. నీళ్ళు అయిపోయినా చేతులు రుద్దుకుంటూనే ఉండేవాడు.

వెతకడం మొదలుపెట్టి ఇవాళ్టికి నలభై మూడు రోజులు. పన్నెండు ట్యాంకుల మీది కంకరా తిరగేశాడు. తన వంటింట్లో కుళాయి బిగించాక గట్టు కింద బకెట్టు వెనక పెట్టిన ఇత్తడి పానాను మాత్రం ఆయన ఇంకా బయటికి తీయలేదు.